మూడోసారి అడగని సర్కారు

టోర్స్‌బీ
జనవరి 11, 2026

మారెన్ తల్లీ,

నువ్వు చదువుకుంటుంటే మధ్యలో ఫోన్ మోగించడం నాకు ఇష్టం ఉండదు. ఉత్తరమైతే తీరికున్నప్పుడు చదువుకోవచ్చు, లేకపోతే పక్కన పడేయొచ్చు. ఇక్కడ చలి ఫరవాలేదు. నిన్న మైనస్ ముప్ఫై ఒకటి. గాలి లేదు కాబట్టి హాయిగానే ఉంది.

మీ పెదనాన్న తుంటి సంగతి చెప్పాలి. గడ్డకట్టిన సరస్సు మీద తను చేపలు పట్టే గుడిసె దాకా నడవలేక, నువ్వు చిన్నప్పుడు మంచు మీద జారిన ఎర్ర స్లెడ్ బండి మీద కూర్చుని, రెండు కర్రలతో పడవ తోసినట్టు తోసుకుంటూ పోతున్నాడు. "కాలెలా ఉంది అన్నయ్యా?" అంటే "కాలు ఉంది" అంటాడు. కొత్త డాక్టరమ్మ క్వింటానా ఎక్స్‌రే చూసి, ఆ కీలుతో ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డారని అడిగింది. "ఎక్కువగా కూర్చున్నాను" అన్నాడు.

మార్చి మూడో తారీఖున కీలు మారుస్తారట. ఆ తరవాత ఆరు వారాలు ఇంట్లో పగలంతా ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలట. లేకపోతే తొంభై మైళ్ళ అవతల, ముసలివాళ్ళని ఉంచే కేంద్రానికి పంపిస్తారట. అక్కడికి పంపేట్టయితే ఈ పాత తుంటితోనే పోతాను, ఆపరేషనే వద్దంటున్నాడు మీ పెదనాన్న. నేనేమో ఆరు వారాలు జీతం లేకుండా ఇంట్లో ఉంటే, ఈ ఇల్లు వెచ్చగా ఉంచే గ్యాసు పోయించలేను. మీ నాన్న శీతాకాలమంతా అరిజోనా ఎండలో ఉన్నాడు. వాడికి చెప్పలేదు, అక్కడ వాడికి ఎండ ఎక్కువగా ఉందట పాపం.

ఫ్యాక్టరీలో లెఫ్సా రొట్టెలు కాలుస్తుంటే మా యజమాని లైల్ ఒక మాట అన్నాడు. ఇంట్లోవాళ్ళకి బాగోలేకపోతే జీతంతో సెలవిచ్చే పద్ధతి ఈ జనవరి నుంచే సర్కారు మొదలుపెట్టిందట. నువ్వుండేది రాష్ట్ర రాజధాని కదా. ఆ ఆఫీసు ముందునించి ఎప్పుడైనా నడిచి వెళ్తే, గోడ మీద ఏమైనా రాసుందేమో చూడు. పనిగట్టుకుని వెళ్ళకు.

ఇక ఆపుతాను, నీకు పనులుంటాయి.
మీ అత్త
ఆర్డిస్

సెయింట్ పాల్
జనవరి 16

ప్రియమైన అత్తకి,

గోడ మీద ఏమీ రాసి లేదు. అందుకని చట్టమంతా చదివాను. రెండు సాయంత్రాలు పట్టింది. గ్రంథాలయంలో దీపాలు ఆర్పేదాకా కూర్చున్నాను. నిఘంటువు నాలుగుసార్లే తీశాను.

మంచి వార్త. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కుటుంబం కిందే లెక్క. కాబట్టి పెదనాన్న కోసం నువ్వు ఏడాదికి పన్నెండు వారాల దాకా సెలవు తీసుకోవచ్చు. పూర్తి జీతం రాదు గానీ, అందులో పెద్ద భాగమే వస్తుంది. అది లైల్ గారి జేబులోంచి కాదు. నీ జీతంలోంచీ ఫ్యాక్టరీ నుంచీ ఈ జనవరి నుంచి చందా కడుతున్నారు చూడు, అందులోంచి. నువ్వు చేయాల్సినవి మూడే. ఫారం నింపి పంపాలి. పెదనాన్నకి మనిషి సాయం ఎందుకు కావాలో డాక్టరు చేత ధ్రువపత్రం రాయించాలి. ఆపరేషన్ తేదీ ముందే తెలుసు కాబట్టి లైల్ గారికి ముప్ఫై రోజుల ముందు చెప్పాలి.

చట్టంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను అత్తా. రక్తసంబంధం లేకపోయినా, నీ మీద ఆధారపడి, నువ్వు చూసుకుంటావని ఆశించే మనిషి ఎవరైనా సరే, కుటుంబమేనట. ‘ఆధారపడటం’, ‘ఆశించడం’. ఈ రెండు మాటలూ చట్టంలో పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. చట్టాలు రాసేవాళ్ళు ఇంత మెత్తగా రాస్తారని నాకు తెలీదు. పైకి చదివితే ఎదురు బల్ల మీది అబ్బాయి తలెత్తి చూశాడు.

నీకు కంప్యూటర్ ఇష్టం ఉండదని కాగితం ఫారమే తెప్పించి పంపుతున్నాను. పెన్సిల్‌తో రాయకు.

ఇంకో మాట. ఆపరేషన్‌కి నేను రానా? ఆ వారం రెండు తరగతులు పోతాయి, అంతే.

ప్రేమతో,
మారెన్

టోర్స్‌బీ
జనవరి 25

మారెన్ తల్లీ,

నీ ఉత్తరం చేరింది. అంత చదివించినందుకు బాధగా ఉంది. రాత్రి తొందరగా పడుకో.

ఫారం నింపేశాను. చెడ్డ ఫారం కాదు. పేరు అడిగింది, పుట్టినరోజు అడిగింది, ఎక్కడ పనిచేస్తున్నానో అడిగింది. ఎలా ఉన్నారని మాత్రం అడగలేదు. తొందరలో మర్చిపోయి ఉంటారు. అంచులో నేనే రాశాను: "మేం బాగానే ఉన్నాం. మీరంతా ఎలా ఉన్నారు? అక్కడ మంచు పడిందా?" ఎన్ని వారాలు కావాలి అన్న గడిలో మన పద్ధతిలోనే జవాబు రాశాను. చందా కట్టడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు, అప్పుడే చేయి చాపితే ఏమనుకుంటారు?

లైల్‌కి కూడా చెప్పేశాను. శుక్రవారం వాడి గది గుమ్మంలో నిలబడి కాసేపు వాతావరణం మాట్లాడాను. ఆ తరవాత ఇలా జరిగింది:

"మార్చి వచ్చేస్తోంది," అన్నాను.

"ఏటా వస్తుంది," అన్నాడు.

"వెర్నర్ తుంటి ఉంది కదా."

"అలాగా మరి."

"మూడో తారీఖు."

"ఊఁ. అయితే పెద్ద పెనం దగ్గర ఇంకెవరినన్నా చూసుకోవాలి."

"నా కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టకు."

"ఇబ్బందేం ఉంది."

అంతే, అయిపోయింది. నువ్వు ముప్ఫై రోజులన్నావు, నేను ముప్ఫై తొమ్మిది రోజుల ముందే చెప్పాను. మర్నాడే వాడి భార్య గుమ్మడికాయ కేకు పంపింది. అంటే వాళ్ళకి బాగానే అర్థమైందన్నమాట.

నువ్వు రావడం ఎందుకమ్మా? చదువు పాడవుతుంది, బస్సులో తొమ్మిది గంటలు. వద్దు. పై గదిలో దుప్పట్లు మార్చాను, ఊరికే. దుమ్ము పట్టాయి.

అత్త ఆర్డిస్

సెయింట్ పాల్
జనవరి 31

అత్తా,

శభాష్. ముప్ఫై తొమ్మిది రోజులు. కానీ లైల్ గారితో అన్నది ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇవ్వు. సర్కారు వాళ్ళు ఆయన్ని అడిగితే కేకు చూపించలేడు కదా.

‘మన పద్ధతిలో’ జవాబు రాశానన్నావు. ఆ గడిలో అంకె రాయాలి. ఆరు వారాలకి ఆరు అని. అదే రాశావు కదూ? నువ్వు ‘మన పద్ధతి’ అన్న మాట వాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆకలితో ఇంటికి వెళ్ళినట్టు నాకు గుర్తు.

మా వ్యాకరణం మాస్టారు నిన్న ఒక మాట చెప్పారు. వాక్యానికి కర్త కనిపించకపోయినా పని జరుగుతుందట. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. గిన్నెలు కడగబడతాయి, మంచం వేయబడుతుంది, ఎవరు చేశారో ఎవరికీ తెలీదు.

ఇంకోసారి అడుగుతున్నాను. నేను రానా? నిజంగానే అడుగుతున్నాను.

ప్రేమతో,
మారెన్

టోర్స్‌బీ
ఫిబ్రవరి 14

మారెన్ తల్లీ,

సర్కారు నించి జవాబు వచ్చింది. మంచి కాగితం, మందంగా ఉంది. కోరిన వారాలు లేనందువల్ల దరఖాస్తు ముగించామని రాశారు. కింద సంతకం కూడా ఉంది.

ఆ గడిలో ఏం రాశానో అడిగావు. ఇదీ రాసింది: "అయ్యో, మా కోసం ఏమీ శ్రమపడకండి. మాకన్నా అవసరమైనవాళ్ళు ఉంటారు." ఎవరైనా ఇలాగే కదా రాస్తారు? మనింటికొచ్చినవాళ్ళని కాఫీ తాగుతారా అని అడుగుతాం. వద్దంటారు. మళ్ళీ అడుగుతాం. ఇప్పుడే తాగొచ్చాం అంటారు. మూడోసారి అడిగితే, ఉంటే ఒక అరకప్పు అని కప్పు ముందుకు జరుపుతారు. మొదటిసారే అవునన్నవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. వాడు ఇళ్ళ పైకప్పుల మీద వేసే పలకలు అమ్ముకోవడానికి చికాగో నించి వచ్చాడు.

మొదట నాకు కాస్త కష్టంగా అనిపించిన మాట నిజమే. ఒక్కసారి వద్దంటే బిస్కెట్ల పెట్టె మూసేయడమేమిటి? తరవాత ఆలోచించాను. కొత్త ఆఫీసు, కుర్రవాళ్ళు ఉండుంటారు, వాళ్ళకి ఎవరూ నేర్పి ఉండరు. అందుకని నేనే ఒక ఉత్తరం రాశాను: "మీ జవాబు చేరింది, సంతోషం. నిజంగానే మాకేమీ అవసరం లేదు, మేమెలాగో సర్దుకుంటాం." అంటే రెండోసారి కూడా వద్దన్నానన్నమాట. ఇక వంతు వాళ్ళది. ఇప్పటికి ఎనిమిది రోజులైంది. ఇంకా అడగలేదు.

డాక్టరమ్మ కాగితం కూడా అయింది. టెక్సాస్ నించి వచ్చిన మనిషి, చురుకైన పిల్ల, ప్రతిదీ సూటిగా అడుగుతుంది. మీ పెదనాన్న పక్కన నేనూ కూర్చున్నాను.

"వెర్నర్ గారూ, నొప్పి పదిలో ఎంత?"

"పది అంటే ఎలా ఉంటుంది?"

"భరించలేనంత."

"భరిస్తూనే ఉన్నాను కదా. రెండు అనుకోండి."

"ఆపరేషనయ్యాక మీరు ఒక్కరే స్నానం చేయగలరా?"

"శనివారాలే కదా."

"మెట్లెక్కగలరా?"

"మెట్లు ఎక్కడికీ పోవు. నెమ్మదిగా ఎక్కుతా."

ఆమె పాపం విన్నది విన్నట్టు రాసింది. రోగికి నొప్పి స్వల్పం, తన పనులు తాను చేసుకోగలరు అని.

నువ్వు రావద్దని చెప్పాను కదా, మళ్ళీ అడుగుతావేం. వద్దు తల్లీ, నీకు పరీక్షలు. పై గది కిటికీ సందుల్లో గుడ్డ కుక్కాను, గాలి రావడం లేదిప్పుడు. ఊరికే చెబుతున్నాను.

అత్త ఆర్డిస్

సెయింట్ పాల్
ఫిబ్రవరి 18

అత్తా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే కుదరడం లేదు.

సర్కారు మూడోసారి అడగదు. రెండోసారి కూడా అడగదు. అది చికాగో నించి వచ్చిన పలకలవాడి లాంటిది. వద్దంటే వద్దనే రాసుకుంటుంది. ఆపరేషన్‌కి ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి. ఇవాళ్టికి మన చేతిలో ఉన్నది ఏమిటంటే, సెలవు వద్దని నువ్వు రెండుసార్లు రాసిన కాగితాలు, నొప్పే లేదని పెదనాన్న చెప్పగా డాక్టరు రాసిన కాగితం, ఒక గుమ్మడికాయ కేకు.

నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసే ఫారం దీనితో పంపుతున్నాను. నింపి తిరుగుటపాలో పంపు. నేనే స్వయంగా ఆఫీసుకి తీసుకెళ్తాను.

డాక్టరు క్వింటానా కోసం ఒక చిన్న నిఘంటువు కూడా తయారుచేశాను. నా జీవితంలో మొదటి నిఘంటువు ఇది. ఆమెకి ఇవ్వు. మా పెదనాన్న ‘ఫరవాలేదు’ అంటే పదిలో నాలుగు అని రాశాను. ‘కొంచెం వేరుగా ఉంది’ అంటే ఆరు. ‘ఇంకా ఘోరంగా ఉండొచ్చు’ అంటే ఏడు. జవాబు చెప్పకుండా కిటికీలోంచి బయటికి చూస్తే తొమ్మిది. ‘కాస్త ఇబ్బందిగా ఉంది’ అని నోరు తెరిచి అన్నాడంటే మాత్రం వెంటనే అంబులెన్స్‌ని పిలవాలి. ఇది పెదనాన్నకే కాదు, టోర్స్‌బీ అంతటికీ పనికొస్తుందని కింద ఒక గమనిక కూడా పెట్టాను.

నువ్వు రెండుసార్లు రావద్దన్నావు కాబట్టి నేను రావడం మానుకున్నాను. మార్చి సెలవుల్లో గ్రంథాలయంలో పని ఒప్పుకున్నాను. పుస్తకాల వీపులకి చీటీలు అంటించే పని.

తొందరలో,
మారెన్

టోర్స్‌బీ
ఫిబ్రవరి 22

మారెన్ తల్లీ,

గ్రంథాలయంలో పని మంచిదే. వెచ్చగా ఉంటుంది.

అప్పీలు ఫారం పంపుతున్నాను. మొదటి ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. "మా నిర్ణయంతో మీరు విభేదిస్తున్నారా? అవును, కాదు." ముఖం చూడని మనిషితో నేనెలా విభేదిస్తాను? వాళ్ళు నాకేం చేశారని? చివరికి రెండు గడుల మధ్య ఉన్న ఖాళీలో రాశాను: "విభేదించడమని కాదు. కొంచెం వేరుగా ఉంది." నాకు తెలిసి నేను రాసిన వాటిలో ఇదే అన్నిటికన్నా కటువైన మాట. కవరులో పెట్టాక వెనక్కి తీసుకుందామా అనిపించింది కూడా.

నీ నిఘంటువు డాక్టరమ్మకి ఇచ్చాను. ఆమె నవ్వలేదు. చదివి, బల్ల మీద పరుచుకుని, మీ పెదనాన్న వైపు తిరిగింది.

"మళ్ళీ మొదటినించీ అడుగుతాను వెర్నర్ గారూ. రాత్రి పక్క మీద అటు నించి ఇటు తిరిగేటప్పుడు ఎలా ఉంటుంది?"

మీ పెదనాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఏమీ లేదు, ఆసుపత్రి కార్లు పెట్టే స్థలం. ఆమె కాగితం మీద వేలు పెట్టి వరసలు కిందికి చూసుకుంటూ వెళ్ళి, తొమ్మిది అని రాసింది. "సాక్స్ ఎవరు తొడుగుతారు?" అంది. మళ్ళీ కిటికీ. నాకేసి చూసింది. "నవంబరు నించి నేనే," అన్నాను. కొత్త ధ్రువపత్రం రాసిచ్చింది. ఆరు వారాలు మనిషి సాయం తప్పనిసరి అని. మీ పెదనాన్న కారెక్కాక, "ఆ పిల్ల మరీ ఎక్కువ రాసింది," అన్నాడు. కానీ బూట్లు విప్పడానికి ఇంటికొచ్చేదాకా ఆగి, నేను వచ్చాకే కాలు చాచాడు.

ఇంకొకటి జరిగింది. సెలవు రాదని ఖాయం చేసుకుని, గురువారం మీ పెదనాన్న ఆసుపత్రికి ఫోన్ చేశాడు, ఆపరేషన్ రద్దు చేయమని. నేను వంటింట్లోంచి విన్నాను. పది నిమిషాలు ఆ నర్సుతో చేపల గురించి మాట్లాడాడు. ఆఖరికి, "మూడో తారీఖు సంగతి... మీకు వేరే పనులుంటే..." అన్నాడు. ఆ అమ్మాయి, "లేదండీ, మీ పేరు అలాగే ఉంచమంటారా?" అంది కాబోలు. "మీకు ఇబ్బంది లేకపోతే," అన్నాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. రద్దు కాలేదు. కానీ తుంటి మార్చి, ఆ కేంద్రానికి పంపిస్తారేమోనని ఇప్పుడు అన్నం సరిగా తినడం లేదు. మొన్న ఎర్ర స్లెడ్ కడిగి, గోడకి తగిలించేశాడు. ఎందుకు అంటే చెప్పలేదు.

అత్త ఆర్డిస్

సెయింట్ పాల్
ఫిబ్రవరి 25

అత్తా,

నువ్వు పంపిన కాగితాలన్నీ పట్టుకుని ఇవాళ పొద్దున సెలవుల ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ అవతల మిస్ వాంగ్ అనే ఆవిడ కూర్చుంది, నీ ఈడే ఉంటుంది. నీ మొదటి ఫారం తీసి చూసింది. అంచులో నువ్వు రాసింది పైకి చదివింది: "మీరంతా ఎలా ఉన్నారు? అక్కడ మంచు పడిందా?" తరవాత వారాల గడి చదివింది. తరవాత నీ రెండో ఉత్తరం. తరవాత కళ్ళద్దాలు తీసింది.

"మీ అత్తగారికి సెలవు కావాలా, వద్దా?" అంది.

"కావాలి. చాలా కావాలి."

"మరి రెండుసార్లు వద్దన్నారే?"

"మా ఊళ్ళో మూడోసారి అడిగితేనే అవునంటారండీ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా అమ్మ కూడా అంతే," అంది. "చుట్టాలింటికి వెళ్తే మేం పళ్ళెం ముట్టుకోకుండా మా చేతుల మీద చూపు పెట్టేది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా సరే." కాసేపు కంప్యూటర్లో ఏదో చదివింది. "అప్పీలు అక్కర్లేదు. జవాబు అస్పష్టంగా ఉంటే దరఖాస్తుదారుకి ఫోన్ చేసి నిర్ధారించుకోవచ్చని ఉంది. ఎన్నిసార్లు అడగాలో నిబంధనల్లో లేదు." నీ ఫోన్ నంబరు రాసుకుని, "ఇంతకన్నా ఎక్కువసార్లు అడగకూడదని కూడా లేదు," అంది.

రేపో ఎల్లుండో ఫోన్ చేస్తుంది. అత్తా, నిన్ను బతిమాలుతున్నాను. మొదటిసారికే అవునను. ఆ మాట మూడక్షరాల కన్నా పెద్దది కాదు. అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి.

మారెన్

టోర్స్‌బీ
మార్చి 1

మారెన్ తల్లీ,

శుక్రవారం పదిగంటలకి మిస్ వాంగ్ ఫోన్ చేసింది. నువ్వు చెప్పినట్టు ముందురోజంతా సాధన చేశాను. అద్దం ముందు బాగానే వచ్చింది.

ముందు ఎలా ఉన్నారని అడిగింది. అక్కడ మంచు నాలుగంగుళాలు పడిందట. అప్పుడే నాకు ఆవిడ మీద మంచి అభిప్రాయం కలిగింది. తరవాత, "ఆర్డిస్ గారూ, మీ అన్నయ్యని చూసుకోవడానికి మీకు సెలవు కావాలా?" అంది. నోరు తెరిచాను. "వద్దులెండి, మీకెందుకు శ్రమ" అన్న మాట వచ్చింది. నా తప్పు కాదు, నోరు దానంతటదే అంది.

"శ్రమేం లేదండీ, నా పనే అది. కావాలా?" అంది.

"మాకన్నా అవసరమైనవాళ్ళు ఎంతమంది ఉంటారో," అన్నాను.

అటు నించి ఏదో తాగుతున్నట్టు వినబడింది, టీయో కాఫీయో. ఇటు మీ పెదనాన్న బల్ల దగ్గర కప్పులో చెంచా తిప్పడం ఆపేశాడు. ఇక పెట్టేస్తుంది, ఆయన్ని తొంభై మైళ్ళ అవతలికి పంపించేస్తారు, అక్కడ కిటికీలోంచి చూడటానికి కార్ల స్థలం కూడా ఉండదు అనుకున్నాను.

"ఆర్డిస్ గారూ," అంది ఆవిడ, నెమ్మదిగా, "ఇక్కడ ఉంది, మీ కోసమే పక్కన పెట్టాం. తీసుకోకపోతే నాకు బాగుండదు. తీసుకుంటారా?"

"ఉంటే, కొంచెం," అన్నాను.

"పన్నెండు వారాలు ఉన్నాయి."

"అమ్మో, అంత వద్దు. సగం చాలు."

"ఆరు," అంది. రాసుకున్న చప్పుడు వినబడింది.

ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్న మళ్ళీ చెంచా తిప్పాడు. "మంచి ఇంటి పిల్ల," అన్నాడు. లేచి, గోడకి తగిలించిన స్లెడ్ తీసుకుని సరస్సు మీదికి పోయాడు. ఎల్లుండి ఆపరేషన్. లైల్‌కి నువ్వన్నట్టు కాగితం రాసిచ్చాను. మొదట వద్దన్నాడనుకో.

మిస్ వాంగ్‌కి ఒక పెట్టెలో లెఫ్సాలు, వెన్నబిస్కెట్లు పెట్టి పంపాను.

అత్త ఆర్డిస్

టోర్స్‌బీ
మార్చి 21

మారెన్ తల్లీ,

నువ్వు ఆపరేషన్ రోజు ఆసుపత్రికి పంపిన పూలు చేరాయి. అవసరం లేకపోయినా బాగున్నాయి.

కొత్త తుంటి బాగా కుదిరింది. మీ పెదనాన్న నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని వంటిల్లు దాకా వస్తున్నాడు. రాత్రి రెండుసార్లు లేపాలి, పొద్దున కూర్చోబెట్టి స్నానం చేయించాలి. మొదటిరోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండోరోజు ఆయన వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇప్పుడు ఒళ్ళు తుడవడం అయ్యేసరికి వారం రోజుల వాతావరణం అయిపోతోంది. సెలవు డబ్బు వస్తోంది. గ్యాసు బండి వచ్చి పోసి వెళ్ళింది. ఆయన బరువు మనిషి కాబట్టి ఎత్తేటప్పుడు నా నడుం సంగతి... ఇంకా ఘోరంగా ఉండొచ్చు.

మిస్ వాంగ్ దగ్గర నించి పెట్టె తిరిగొచ్చింది. ముట్టుకోలేదు. లోపల అచ్చువేసిన చీటీ. సర్కారు ఉద్యోగులు బహుమతులు తీసుకోకూడదట. కింద చేత్తో ‘చాలా కృతజ్ఞతలు, కానీ వద్దండీ’ అని రాసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ ఆఫీసు మీద మొదట్లో తొందరపడి అభిప్రాయం పెట్టుకున్నాను, తప్పు నాదే. పద్ధతి తెలిసిన మనుషులే. మొదటిసారి వద్దనడం అయింది. సోమవారం రెండోసారి పంపిస్తాను.

పై గది మెట్లు ఎక్కడం మానేశాను, అక్కడ పనేమీ లేదు. దుప్పట్లు అలాగే ఉన్నాయి.

అత్త ఆర్డిస్

సెయింట్ పాల్
మార్చి 25

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు నేను రాసిన నిఘంటువు పక్కన పెట్టుకున్నాను. నీ నడుం దగ్గర వేలు పెట్టి వరసలు కిందికి చూసుకుంటూ వెళ్ళాను. ఏడు.

మూడోసారి చదివేటప్పుడు పాత ఉత్తరాలన్నీ తీశాను. జనవరి పదహారున నేను రానా అని అడిగాను, నువ్వు వద్దన్నావు, దుప్పట్లు మార్చానన్నావు. ముప్ఫై ఒకటిన అడిగాను, వద్దన్నావు, కిటికీ సందుల్లో గుడ్డ కుక్కానన్నావు. నేనేమో అక్కడికి పెట్టె మూసేసి, పుస్తకాలకి చీటీలు అంటించే పనికి పోయాను. సర్కారుకి మర్యాద తెలీదని నీకు రాసిన ఉత్తరం నా చేతిరాతలోనే ఉంది. మిస్ వాంగ్ నిన్ను ఎప్పుడూ చూడలేదు, ఆవిడ అడిగింది. నేను ఆ ఇంట్లోనే పెరిగాను, నాకు లెక్క తప్పింది.

చట్టంలో నాకు నచ్చిన ఆ రెండు మాటలున్నాయి కదా, పక్కపక్కన కూర్చున్నవి. ఇన్నాళ్ళూ అవి పెదనాన్న గురించే అనుకున్నాను.

మూడోసారి అడుగుతున్నాను. నేను రానా?

మారెన్

టోర్స్‌బీ
మార్చి 29

మారెన్ తల్లీ,

ఎలాగూ ఈ దారిన ఎక్కడికన్నా వెళ్తూ ఉంటే, మధ్యలో దిగు.

మా ఊరి తరవాత ఊరేమీ లేదని, సరస్సేనని, నీకు తెలుసని నాకు తెలుసు. శనివారం బస్సు అయిదింటికి వస్తుంది. మీ పెదనాన్న స్టాండు పట్టుకుని వాకిలి దాకా నడవడం సాధన చేస్తున్నాడు, ఎందుకు అంటే చెప్పడం లేదు. మూడో కప్పు కడిగి పెట్టాను.

అత్త ఆర్డిస్

రెండో పెట్టె కూడా తిరిగొచ్చింది. దాన్ని విప్పలేదు. నువ్వు తిరిగి వెళ్ళేటప్పుడు చేత్తో తీసుకెళ్ళి ఆవిడకి ఇవ్వు.